చెప్పులు లేని మెట్లు

అమ్ముడుపోని సరుకు మీద దుమ్ము ఎలా పేరుకుంటుందో దుకాణదారుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. నాచారం మెయిన్ రోడ్డు మీద సగం జీవితం హార్డ్‌వేర్ దుకాణం నడిపిన హనుమాండ్లుకు అసలే చెప్పనక్కర్లేదు. అందుకే గల్లాపెట్టె కొడుకు శివశంకర్‌కు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్న కొద్దిరోజులకే, ఆ దుమ్ము తన మీద కూడా పడుతోందని కనిపెట్టాడు. భార్య రుక్కమ్మ అంతకంటే ముందే కనిపెట్టింది.

"సీరియల్ నడుస్తాంటే టీవీకి అడ్డం తిరుగుతవ్. వంటింట్లకొచ్చి డబ్బాలు జరుపుతవ్. జర ఎటన్న పోయిరా" అంది.

ఎటు పోతాడు? కొన్నాళ్లు నాగోల్ మెట్రో స్టేషన్ దాకా పోయి, కింద కూర్చొని, వచ్చిపోయేవాళ్లను చూసి తిరిగొచ్చాడు. కొనేది లేక అమ్మేది లేక బజారులో కూర్చోవడం ఆయనకు అవమానంగా తోచింది. చివరికి ఒకరోజు తన సొంత భవనం పైఅంతస్తుకే ఎక్కాడు.

అక్కడ ఎన్నో ఏళ్లుగా శాఖా గ్రంథాలయం ఉంది. ఆలస్యంగా ఇచ్చినా ఎగ్గొట్టని కిరాయిదారు సర్కారు ఒక్కటే అన్న లెక్కతో ఇచ్చాడు గాని పుస్తకాల మీద ప్రేమతో కాదు. అన్నేళ్లలో కిరాయి అడగడానికి గుమ్మం దాకా వెళ్లడమే తప్ప ఒక్క పూట లోపల కూర్చోలేదు.

ఆ రోజు కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ పూర్ణిమ వయసు మళ్లినవాళ్ల కోసం పొద్దున పూట ఒక ఏర్పాటు చేసింది. దానికి 'పెద్దల పూట' అని పేరు. చేతులున్న కుర్చీలు వేయించింది. పెద్ద అక్షరాల పుస్తకాలు తెప్పించింది. ఎవరూ ఎత్తుకుపోకుండా భూతద్దాన్ని తాడుతో బల్లకు కట్టింది. చూపు ఆననివాళ్లకు పేపరు చదివి వినిపిస్తారు. ఫోన్లో వచ్చే మోసాన్ని ఎలా పసిగట్టాలో నేర్పుతారు. బుధవారం నాడు మాత్రం వచ్చిన పెద్దల్లోనే ఒకరు తమకు వచ్చిన పని మిగతావాళ్లకు నేర్పాలి.

"కాళ్లూ చేతులూ ఆడుతున్నోళ్లకు టీవీ ముంగట కుర్చీ ఒక్కటే దిక్కా, అంకుల్? మీకొచ్చింది మీరు నేర్పుండ్రి" అంది పూర్ణిమ.

హనుమాండ్లు నల్లాకు వాషర్ మార్చడం నేర్పాడు. మర్నాడు సుశీలమ్మ అనే పెద్దావిడ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, "సేట్, ప్లంబర్ రాకుండనే నా నల్లా కారుడు బందయింది" అని అందరిముందూ చెప్పింది. అమ్మిన సరుకుకు పైసలొస్తాయి, వాటితో బేరం తీరిపోతుంది. ఏమీ అమ్మకుండా ఇంటికి మోసుకుపోయిన ఈ లాభాన్ని ఏ ఖాతాలో వేయాలో హనుమాండ్లుకు తెలియలేదు. ఆ తరువాత ఒక్క పూట కూడా మానలేదు.

చిక్కల్లా అంతకుముందే జరిగిపోయింది. దీపావళికి, అంటే తాను ఇంకా పైకి ఎక్కకముందే, భవనం అమ్ముతానని మాటిచ్చి, నాగచైతన్య అనే బిల్డర్ దగ్గర హనుమాండ్లు స్వయంగా బయానా పైసలు తీసుకున్నాడు. పాత భవనం కూల్చి అపార్ట్‌మెంట్ కడతారు. గ్రంథాలయం ఖాళీ చేయాలి. నాచారంలో ఇంకెక్కడా ఆ కిరాయికి చోటు దొరకదని, వేరేచోట ఉన్న పెద్ద శాఖలో కలిపేస్తారని పూర్ణిమ అప్పుడే చెప్పింది. చెప్పి, ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే కోప్పడి బరువు దించుకునేవాడు.

బజారులో ఒక ధర్మం ఉంది. బయానా అందుకున్న చేయి వెనక్కి పోకూడదు. ఇచ్చినవాడు తప్పుకుంటే బయానా వదులుకోవాలి, తీసుకున్నవాడు తప్పుకుంటే రెట్టింపు తిరిగివ్వాలి. పైసలైతే ఎలాగో ఇచ్చుకోవచ్చు. కానీ మాట తప్పాడన్న పేరు పడ్డవాడికి మరునాడు ఒక్క హోల్‌సేల్ వ్యాపారి కూడా మాట మీద సరుకు దింపడు. అలా పేరు చెడ్డవాళ్లను ఎందరినో చూసి నవ్విన మనిషి హనుమాండ్లు. ఇప్పుడు అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాడు. ఇటు కదిలితే మాట పోతుంది, అటు కదిలితే గ్రంథాలయం పోతుంది.

రిజిస్ట్రేషన్ రోజు రానే వచ్చింది. మార్చి నెల, ఒంటిపూట బడుల కాలం. ఉప్పల్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో మధ్యాహ్నానికి స్లాటు. "ఇయ్యాల కాకుంటే ఇగ నాకొద్దు. వేరే జాగ చూసుకుంటా" అని బిల్డర్ కచ్చితంగా చెప్పాడు. శివశంకర్ దుకాణం షట్టరు దించి, కాగితాల పనికి పొద్దున్నే ఉప్పల్ పోయాడు. "పదకొండు దాటినంక వచ్చి తీసుకపోత, తయారుగుండు నాయిన" అన్నాడు.

హనుమాండ్లు ఫోను దుకాణంలోనే ఛార్జింగులో ఉండిపోయింది. మరిచిపోయి వదిలాడో, వదలాలనే మరిచిపోయాడో ఆయనకే తెలియదు.

పూర్ణిమ ఆ రోజు మీటింగుకు పోయింది. పేపరు చదవడం అయిపోయింది. పెద్దలంతా ఒక్కొక్కరే లేచి దిగిపోయారు. గోడ గడియారం పదకొండుకు దగ్గరవుతున్నకొద్దీ హనుమాండ్లు మాత్రం కుర్చీ వదల్లేదు. కొడుకు కిందికి వస్తాడు, ఎదురుపడాలి. ఇంకాస్త జాగు చేద్దామని, వెనక పుస్తకాల గదిలోకి పోతున్న రాహేలు వెంట నడిచాడు.

రాహేలు ప్రైవేటు దవాఖానాలో ఆయాగా చేసి పని మానుకున్న మనిషి. పల్లె నుంచి వచ్చాక, పెద్దయ్యాక, బైబిలు ముందర పెట్టుకొని అక్షరాలు నేర్చుకుంది. అందుకే ఏది చదివినా వాక్యం వాక్యానికీ ఆగి, బరువుగా చదువుతుంది. ఉల్లిగడ్డ ధర పెరిగిందన్న వార్త కూడా ఆమె నోట ఏదో ప్రవక్త హెచ్చరించినట్టే ఉంటుంది. పెద్దల పూటలో పేపరు చదివేది ఆమే.

"నాకొక పెద్ద అక్షరాల పుస్తకం చూసిపెట్టు, రాహేలమ్మ" అన్నాడు.

"ఏం పుస్తకం కావాలె?"

"పొడుగుది."

రాహేలు ఆయన వైపు ఒకసారి చూసి, అలమారలో వెతకసాగింది. ఒకటి తీస్తే అక్షరాలు చిన్నవన్నాడు. ఇంకోటి తీస్తే అట్ట బాగాలేదన్నాడు. బేరం తెగకుండా సాగదీయడం ఆయనకు కొత్త కాదు. ఆ సాగదీతలో గడియారం పదకొండు ఎప్పుడు కొట్టిందో ఇద్దరూ గమనించలేదు. తిరిగి హాల్లోకి వచ్చేసరికి ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. గుమ్మానికి ఇనుప ఊచల గేటు అడ్డం లాగి ఉంది. దానికి బయట తాళం వేలాడుతోంది.

పదకొండుకు పొద్దుటి పూట అయిపోయిందని అటెండరు దుర్గేష్ మూసేసి పోయాడు. మళ్లీ తెరిచేది సాయంత్రం నాలుగింటికి.

"లోపల మనుషులున్నరని సూడొద్దా?" అంది రాహేలు.

చూశాడు, తనకు తెలిసిన పద్ధతిలో. దుర్గేష్ ఎప్పుడూ గదులు వెతకడు. మెట్ల మీద చెప్పులు చూస్తాడు. చెప్పులుంటే కేకేస్తాడు, లేకుంటే తాళమేస్తాడు. ఏ రోజూ తప్పలేదు. అయితే పోయిన వారమే హనుమాండ్లు కొత్త చెప్పులను ఎవరో తొడుక్కుపోయి, అరిగిన జత వదిలిపెట్టారు. అప్పుడాయన అందరినీ కూర్చోబెట్టి, "సరుకు కండ్ల ముంగటుంటెనే మనది. చెప్పులు కవర్లవెట్టుకొని లోపలికి తెచ్చుకోండ్రి" అని ఉపదేశించాడు. ఇప్పుడు ఆయన చెప్పులూ రాహేలు చెప్పులూ రెండు కవర్లలో కుర్చీల కింద భద్రంగా ఉన్నాయి.

గేటు లాగితే కీచుమని వీధంతా వినబడాలి. అదీ వినబడలేదు. మొన్న బుధవారం పాఠంలో, నూనె ఎక్కడ వేస్తే కీచుమనదో అందరికీ చూపిస్తూ ఆ గేటుకే వేసింది హనుమాండ్లు.

"మంచిగ నేర్పినవ్ సేట్" అంది రాహేలు. "ఫోనుందా?"

"దుకాణంల ఉంది. నీది?"

"కోడలు పట్టుకపోయింది."

ఆమె గేటు దగ్గరికి పోయి అరిచింది. పక్కసందులో వెల్డింగు దుకాణం. ఆ మోతలో ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు. రోడ్డు వైపు కిటికీ దగ్గరికి వచ్చి అరిచింది. ఇండస్ట్రియల్ ఏరియాకు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి. కొబ్బరిబోండాల బండివాడు తలెత్తి చూసి, కావాలా అన్నట్టు ఒక బోండాం ఎత్తి చూపించాడు.

హనుమాండ్లు కుర్చీలో కూర్చున్నాడు. నడుముకు దోపుకున్న తాళంచెవుల గుత్తి తొడకు గుచ్చుకుంది.

ఆ గుత్తిలో ఈ గేటు తాళంచెవి కూడా ఉంది. కిరాయికిచ్చిన గది ఏదైనా సరే, ఒక చెవి యజమాని నడుముకు ఉండాలన్నది ఆయన పద్ధతి. తాళం తన దుకాణంలోదే. ఊచల సందున చేయి పెట్టి తిప్పితే చాలు. గేటు చూసిన క్షణమే ఆ మాట గుర్తొచ్చింది. చేయి నడుము దాకా పోయింది కూడా. అక్కడే ఆగింది.

లెక్క దానంతటదే వేసుకుపోయింది. స్లాటు దాటిపోతే బిల్డర్ వేరే జాగా చూసుకుంటాడు. ఆ మాట అన్నది వాడు. రాలేకపోయింది తాళం వల్ల, తాళం వేసింది దుర్గేష్. ఇందులో హనుమాండ్లు మాట తప్పింది ఎక్కడ? బయానా ఉన్నది ఉన్నట్టు తిరిగి పంపొచ్చు. పేరుకు పేరు, గ్రంథాలయానికి గ్రంథాలయం. జీవితంలో ఇంత సాఫీ బేరం తగల్లేదు. చేయాల్సిందల్లా కదలకుండా కూర్చోవడం.

కానీ కూర్చోవడం ఇంత కష్టమని ఆయన అనుకోలేదు. ఫ్యాన్లు నడిచే మీట గేటు బయట గోడకుంది. రేకుల వేడి పైనుంచి దిగుతోంది. అద్దాల అలమారల్లో పుస్తకాలు వరుసగా నిలబడి చూస్తున్నాయి. తన గోడల మధ్య, తన తాళం వెనక, తన చెవి నడుముకు పెట్టుకొని బందీ అయిన మనిషి నాచారంలో ఇంకొకడు ఉండడు.

రాహేలు మళ్లీ గేటు దగ్గరికి పోయింది. ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అప్పుడే కింద శివశంకర్ బైకు ఆగింది. కొడుకు షట్టరు వైపు చూశాడు. సందులోకి తొంగి, మెట్లవైపు చూశాడు. మెట్ల మీద చెప్పుల్లేవు, పైన గేటుకు తాళముంది. ఫోను చెవికి పెట్టుకున్నాడు. మూసిన దుకాణంలో ఎక్కడో హనుమాండ్లు ఫోను మోగి ఉంటుంది. కొడుకు చొక్కా వీపు తడిసి అంటుకుపోయింది. ఒక్క కేక వేస్తే చాలు.

హనుమాండ్లు ఒక అడుగు వెనక్కి వేశాడు.

తిరిగి చూస్తే వెనక రాహేలు ఉంది. ఆమె వచ్చి కిటికీలోంచి చూసింది. బైకు మలుపు తిరుగుతోంది.

"గా పోయేటోడు మీ శివశంకర్ గదా?"

"అట్లనే ఉన్నడు."

"పిల్వలేదా?"

"లారీ అడ్డమొచ్చింది."

రాహేలు కిటికీ వదిలింది. వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. కాసేపటికి ఆయన కూడా కూర్చున్నాడు. గుత్తి గలగలమంది.

"నడుముకు గజ్జెలు గట్టుకున్నవా ఏంది, సేట్?"

"దుకాణం చెవులు."

"దుకాణం కొడుకుకిచ్చిన అంటివి గద." ఆమె గేటు వైపు చూసింది. "ఈ తాళం నీ దుకాణంలదే అని పూర్ణిమ మేడం జెప్పింది. కిరాయికిచ్చిన ఇంటి చెవి ఇంకోటి నీ కాడ్నే ఉంటదని మొన్న పాఠంల నువ్వే జెప్పినవ్. యజమానులంతా గట్లనే జెయ్యాలంటివి."

హనుమాండ్లు బల్లకు కట్టిన భూతద్దం తాడు పట్టుకొని చూడసాగాడు. ఎన్నో బేరాల్లో ఎదుటివాడి మొహం ఇప్పటి తన మొహంలా మారడం చూసినవాడే. బరువు తక్కువ తూగిందని తేలినప్పుడు మనిషి మొహం ఇలాగే ఉంటుంది.

"నాలుగింటిదాక కూసుంటె ఏం పోతది, రాహేలమ్మ? ఇది ఉంటది. నువ్వు పేపర్ సదువుతవ్. ఇది పోతే నీకు గూడ నష్టమే గద?"

"నష్టమే. నేను మస్తు రోజులసంది ప్రార్థన జేస్తున్న, ఇది పోవద్దని." ఆమె కొంగులోంచి ఒక తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. "ఇది మా ఇంటిది. ఒంటిపూట బడి గద, గ్రేసీ పన్నెండున్నరకు వస్తది. రెండో తరగతి పిల్ల. మా కొడుకు బ్లెస్సన్ డ్యూటీకి పోయిండు, కోడలు పనికి పోయింది. తలుపు కాడ నీడ గూడ లేదు. నాలుగింటిదాక ఎండల నిలవడాలె నా మనవరాలు."

హనుమాండ్లు బల్లమీది తాళంచెవి వైపు చూశాడు. తన లెక్కలో ఈ సరుకు లేదు.

"ముందుగాల్నే జెప్పొచ్చు గద" అన్నాడు చివరికి.

"నువ్వే తీస్తవని సూస్తున్న."

హనుమాండ్లు లేచాడు. ఊచల మధ్య చేయి దూర్చి, తాళాన్ని తన వైపు తిప్పుకొని, చెవి పెట్టాడు. తన సరుకే, మొరాయించలేదు. గేటు చప్పుడు లేకుండా జరిగింది.

రాహేలు కవరులోంచి చెప్పులు తీసి కిందేసి తొడుక్కుంది. రెండు మెట్లు దిగి ఆగింది.

"అమ్ముతవో ఉంచుతవో నీ ఇష్టం, అన్నా. నీ ఇల్లు. గని ఏది జెప్పినా నోటితోని జెప్పు. తాళంతోని జెప్పకు."

ఆమె పోయింది. హనుమాండ్లు మెట్ల మీదే కూర్చున్నాడు. తాళం వేలాడుతున్నంతసేపూ ఊపిరాడలేదు. ఇప్పుడు గేటు బార్లా తెరిచినా ఆడటం లేదు.

శివశంకర్ ఇంకో చుట్టు తిరిగి వచ్చాడు. తండ్రిని చూసి బైకు స్టాండు కూడా సరిగా వేయలేదు.

"యాడికి పోయినవ్ నాయిన? ఇంటికి పోయిన, మెట్రో కాడికి పోయిన. దవాఖానాలకు గూడ పోయి అడిగిన." తిట్టేంత ఓపిక కూడా అతనికి లేదు. "నడు, స్లాటు దాటిపోతది. లేటయితదని ఆయనకు ఫోన్ జేస్త."

చేశాడు. స్పీకర్లో బిల్డర్ గొంతు తీరుబడిగా వినిపించింది. "ఫికర్ జెయ్యకు శివన్నా. ఇయ్యాల కాకుంటే ఎల్లుండి స్లాట్ తీసుకుందం. ఆ జాగ యాడికి పోతది? పెద్దాయన్ని పైలంగ తీసుకరా."

హనుమాండ్లుకు నవ్వొచ్చింది. 'ఈ రోజే చివరి రేటు, రేపు పెరుగుతది' అని తానెంతమందికి చెప్పలేదు? ఆ మాట మరునాటికి ఏనాడైనా నిజమైందా? అమ్మినంత కాలం అమ్మిన సరుకునే, కొనేటప్పుడు గుర్తుపట్టలేకపోయాడు. నాలుగింటిదాకా దాక్కున్నా ఎల్లుండి మళ్లీ ఇదే మెట్ల దగ్గర నిలబడాలి. అన్నిసార్లు తాళాలు దొరకవు.

"శంకర్, నేను సంతకం వెట్ట. బయానా రెట్టింపు ఇచ్చేద్దం. హనుమాండ్లు మాట తప్పిండని బజార్ల జెప్పుకోమను."

ఫోను అవతల బిల్డర్ హలో హలో అన్నాడు. శివశంకర్ కట్ చేశాడు. తండ్రి వైపు తిరిగాడు.

"పైన ముసలోళ్లు పేపర్ సదివేతందుకా?"

"ఆ."

"నట్టు బోల్టు గూడ ఆన్‌లైన్ల ఇంటికి తెచ్చిస్తున్నరు నాయిన. పొద్దంత కూసుంటె చాయ్ ఖర్చు ఎల్తలేదు. అపార్ట్‌మెంట్ అయితే ఏదన్న జేద్దమనుకున్న. రెట్టింపు ఇచ్చినంక నాకేం మిగుల్తది?" గొంతు పెంచలేదు. "పీర్జాదిగూడల కన్‌స్ట్రక్షన్ కంపెనీల స్టోర్ పనికి రమ్మంటున్నరు. నేను పోత. నీ బిల్డింగు, నీ లైబ్రరీ, నీ దుకాణం. నువ్వే కూసో."

దుకాణం తాళాలు తండ్రి పక్కన మెట్టు మీద పెట్టి పోయాడు. అన్నట్టే పనిలో చేరాడు. అతని భార్య కల్పన మామతో మామూలుగానే మాట్లాడుతుంది. కొడుకు మాత్రం అవసరానికి మించి ఒక్క మాట ఆడడు.

హనుమాండ్లు మళ్లీ గల్లాపెట్టె ముందుకు వచ్చాడు. హోల్‌సేల్ వాళ్లు ఇప్పుడు పైసలు చూశాకే సరుకు దింపుతున్నారు. పొద్దున పూట పైన కుర్చీలు జరిగిన చప్పుడు వినిపిస్తుంది. తరువాత రాహేలు గొంతు, వాక్యానికి వాక్యానికీ ఆగుతూ. మాటలు తెలియవు, వరస తెలుస్తుంది. బుధవారాలు నల్లా వాషర్ పాఠం సుశీలమ్మ చెబుతోందట. పైనుంచి సుత్తి దెబ్బలు వినిపించినప్పుడల్లా, వాషర్‌కు సుత్తి ఎందుకని ఆయన గల్లాపెట్టె ముందు కూర్చొని గింజుకుంటాడు. దుకాణం వదిలి పోలేడు. పెద్దల పూట ఆయనకు కొని తెచ్చి ఇంట్లో పెట్టుకున్న సరుకు, వాడుకునే యోగం లేదు.

పెద్దలు మళ్లీ చెప్పులు మెట్ల మీదే విడుస్తున్నారు. గల్లాపెట్టె దగ్గర్నుంచి మెట్లు కనిపిస్తాయి గనుక కాపలా ఆయనదే. దిగి పోయేటప్పుడు రాహేలు, "చెప్పుల సేట్, నా జత ఉన్నదా?" అని అడుగుతుంది. ఆయన "కిరాయి గట్టి తీసుకో" అంటాడు.

ఒక బుధవారం సుత్తి మోత మరీ ఎక్కువైంది. దుకాణంలో ఎవరూ లేరు. రెండు నిమిషాలు పోయి చెప్పి రావచ్చని లేచాడు. మొదటి మెట్టు మీద చెప్పులు విడిచాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టాడు.

"సేట్, అరంగుళం ఎల్బో ఉన్నదా?" దుకాణం ముందు ఎవరో ప్లంబర్.

"ఉన్నది" అంటూ వెనక్కి దిగాడు. ఎల్బో తీస్తే పైపు అడిగాడు, పైపు కొలుస్తుంటే టేపు అడిగాడు. ఆయన ఉత్తకాళ్లతో పైపు కొలుస్తుండగానే పైన పాఠం అయిపోయింది, రాహేలు, సుశీలమ్మ, మిగతావాళ్లు ఒక్కొక్కరే దిగి వెళ్లిపోయారు. మూసే వేళకు దుర్గేష్ వచ్చాడు. మెట్ల మీద ఒక జత మిగిలి ఉండటం చూసి, తాళం చేతిలోనే పట్టుకొని, ఖాళీ గ్రంథాలయంలోకి కేకేశాడు.

"హనుమాండ్లు సేట్, టైమయింది, ఇగ దిగు."